మదర్‌బోర్డు మీద ఎనిమిది వందలు

2002 ఆగస్టులో నా చేతిలో 22,000 రూపాయలుండేవి. ఆ ఏడు జూలైలో వానలు ముఖం చాటేశాయి, రాష్ట్రమంతటా కరువు. నల్లగొండ జిల్లాలోని మా ఊళ్ళో నాన్న నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన సొమ్ము అది. దానితో కంప్యూటరు కొనాలి, దానిమీద ప్రోగ్రామింగు సాధన చెయ్యాలి, ఉద్యోగం సంపాదించి ఆ అప్పు తీర్చాలి. దిల్‌సుఖ్‌నగర్ హాస్టలు గదిలో మేము నలుగురం. నలుగురి కథా ఇంచుమించు ఇదే.

విజయవాడ దారిన వచ్చే బస్సులు నగరంలో ముందుగా ఆగేది ఎల్బీనగర్‌లో. అక్కణ్ణించి చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట. మావైపు పిల్లలు ఈ దారి పొడుగునా మకాం పెట్టేవారు. ఎటు చూసినా జావా, ఒరాకిల్ నేర్పుతామనే బోర్డులే. అయితే నేను చేరిన శిక్షణాలయంలో యంత్రం ముందు కూర్చోనిచ్చేది రోజుకొక గంట. సొంత కంప్యూటరు విలాసం కాదు, అవసరమని అందుకే అనిపించింది.

పేరున్న కంపెనీల యంత్రాలు మాకు అందనివి. భాగాలు విడివిడిగా కొని కూర్పించుకోవడమే గతి. అందుకు సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళాలి. ఒక దుకాణంలో కొటేషను చీటీ రాయించుకోవడం, దాన్ని పక్క దుకాణంలో చూపించి వంద తగ్గించమనడం అక్కడి ఆచారం. ప్రతి చీటీలోనూ మొదటి వరుస ప్రాసెసరుదే. మా బేరసారాల బలహీనత సరిగ్గా అక్కడే ఉండేది.

చవక ప్రాసెసర్ల చరిత్ర కొంత చెప్పుకోవాలి. 1998 ఏప్రిల్‌లో ఇంటెల్ తొలి సెలెరాన్‌ను 266 మెగాహెర్ట్జుల వేగంతో విడుదల చేసింది. దానికి రెండవ అంచె క్యాష్ అసలే లేదు. నవ్వులపాలయింది. అదే ఆగస్టులో వచ్చిన సెలెరాన్ 300ఏకు 128 కిలోబైట్ల క్యాష్‌ను చిప్పు మీదనే అమర్చారు. దాన్ని 450 దాకా పరుగెత్తించి, ఖరీదైన పెంటియం 2 పక్కన నిలబెట్టినవారు ప్రపంచమంతటా ఉన్నారు. 2000 జూన్‌లో ఏఎండీ డ్యూరాన్ వచ్చింది. చవకది కూడా మంచిదై ఉండవచ్చునన్న నమ్మకం ఈ రెండింటివల్లే ఏర్పడింది.

ఆ నవంబరులో పెంటియం 4 వచ్చి లెక్కను తారుమారు చేసింది. పెంటియం 3లో పదంచెలుగా సాగే పని ఇందులో ఇరవై అంచెలయింది. గడియార వేగం బాగా పెరిగింది. ఒక్కొక్క టిక్కుకు జరిగే పని మాత్రం తగ్గింది. 2002 మే నెలలో అదే నిర్మాణంతో, 128 కిలోబైట్ల క్యాష్‌తో 1.7 గిగాహెర్ట్జుల సెలెరాన్‌ను అమ్మకానికి పెట్టారు. 1.3 గిగాహెర్ట్జుల డ్యూరాన్ పలు పరీక్షల్లో దాన్ని వెనక్కి నెట్టింది. చిన్న అడుగులు గబగబా వేసేవాడినీ పెద్ద అడుగులు నింపాదిగా వేసేవాడినీ పోల్చాలంటే నడిచిన దూరం కొలవాలి గాని, అడుగులు లెక్కపెడితే ఏం లాభం? ఈ మాట మా గదిలో ఎవరూ నమ్మలేదు. 1.3 కంటే 1.7 పెద్దదన్నది ఒకటో తరగతి లెక్క కదా! ఏఎండీకీ ఇదే తలనొప్పి. అందుకే 1.67 గిగాహెర్ట్జుల అథ్లాన్‌ ఎక్స్‌పీకి 2000+ అని నామకరణం చేసుకొంది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసినవి సాకెట్లు. 1997లో స్లాట్ 1, 1999లో సాకెట్ 370, 2000 నవంబరులో సాకెట్ 423, ఏడాదైనా తిరక్కుండానే 478. ఇంటెల్ గడప మార్చినప్పుడల్లా పాత బోర్డు కొత్త ప్రాసెసరుకు పనికిరాకుండా పోయేది. ఏఎండీ సాకెట్ ఏ మాత్రం 2000 నుంచి అలాగే ఉంది. దాంతో నా ప్రశ్న మారింది: ఈరోజు ఏది వేగంగా నడుస్తుంది అని కాదు, రెండేళ్ళ తరువాత డబ్బు చేతికొస్తే దీనిలో ఏం మార్చుకోగలను అని.

దుకాణంలో సాకెట్ ఏ బోర్డులు రెండు చూపించారు. ఒకటి పాత ఎస్‌డీర్యామ్‌ది. రెండవది వయా కేఎం266 చిప్‌సెట్‌తో, డీడీఆర్ ర్యామ్ పట్టేది. 800 రూపాయలు ఎక్కువ. నా తటపటాయింపు చూసి దుకాణదారు అన్నాడు: "తమ్మీ, ప్రాసెసర్ ఎప్పుడన్నా మార్చుకోవచ్చు. బోర్డు మారిస్తే ర్యామ్ గూడ మార్చాలె. పైసలు ఈడ పెట్టు." సరుకు అమ్ముకొనేవాడి మాటే గాని సబబైన మాట. 40 గిగాబైట్ల డిస్కు బదులు 20 తీసుకొన్నాను. మోడెమ్, స్పీకర్లు కొట్టివేశాను.

రెండింటిలోనూ గ్రాఫిక్స్ బోర్డు మీదనే ఉంది. 1999లో ఇంటెల్ 810 చిప్‌సెట్‌ ఈ ఏర్పాటును బాగా వాడుకలోకి తెచ్చాక ప్రత్యేకమైన కార్డు ఖర్చు మావంటివారికి తప్పింది. కాని ఉచితమేమీ కాదు. ప్రధాన ర్యామ్‌లోంచి తన వాటా తీసుకొంటుంది. నా 128 మెగాబైట్లలో 32 అటు పోతే మిగిలినది 96. దానిమీద విండోస్ ఎక్స్‌పీ మూలుగుతూ నడిచేది.

ఎక్స్‌పీయే ఎందుకంటారా? విండోస్ 98కి యూనికోడ్ తెలుగు కూర్చడం రాదు. ఎక్స్‌పీలో రీజినల్ సెట్టింగుల్లో సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు పెట్టి, అడిగినప్పుడు సీడీ అందిస్తే, గౌతమి ఫాంటులో ఒత్తులు అక్షరాల కింద చేరి కూర్చొనేవి. మీలో చాలామందికి ఆ టిక్కు గుర్తుండే ఉంటుంది. ప్రోగ్రామింగు కోసం కొన్న యంత్రం నాకు తెలుగు రాసే పలక కూడా అయింది.

మా గదిలో మరొకతను 1.7 సెలెరాన్, ఎస్‌డీర్యామ్ బోర్డు కొన్నాడు. న్యాయంగా చెప్పాలంటే నాకంటే నాలుగు నెలల ముందే అతనికి ఉద్యోగం వచ్చింది. తన యంత్రాన్ని ఊళ్ళో తమ్ముడికి పంపేశాడు. నాది నాతోనే ఉంది. 2003 చివరికి అప్పు తీరింది. 2004లో పాత అథ్లాన్ ఎక్స్‌పీ 2000+ ఒకటి దొరికితే డ్యూరాన్ తీసి పెట్టాను. మరో 128 మెగాబైట్ల ర్యామ్ చేర్చాను. బోర్డు కదలలేదు.

2005 వేసవిలో కదిలింది. యంత్రం ఉన్నట్టుండి ఆగిపోసాగింది. మూత తీసి చూస్తే ప్రాసెసరు పక్కనున్న ఆరు కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నాయి. ఆ కాలపు బోర్డులకు అదొక మహమ్మారి. లోపమున్న ఎలక్ట్రోలైటుతో తయారైన కెపాసిటర్లు లక్షల బోర్డుల్లోకి చేరాయి. పెద్ద కంపెనీలూ తప్పించుకోలేకపోయాయి. మంచి బోర్డంటే చిప్‌సెట్టూ సాకెట్టూ అని లెక్కలు వేసిన నేను, ఈ గోళీల వంక ఒక్కసారైనా చూసి ఎరగను.

కోఠీ గుజరాతీ గల్లీలో కొత్త కెపాసిటర్లు కొని, అక్కడే ఒక మెకానిక్కు చేత టంకం పెట్టించాను. మొత్తం 90 రూపాయలు. ఆ బోర్డు 2008 దాకా నడిచింది. ఆ వారం ఊరికి వెళ్ళినప్పుడు నాన్నకు గొప్పగా చెప్పాను, తొంభై రూపాయలతో బాగయిందని. ఆయన కాసేపు ఆలోచించి అడిగాడు: "మరి అప్పుడు ఎనిమిది వందలు ఎక్కువెందుకు పెట్టినవురా?"