ఎనిమిది గడుల పంచాయితీ

మొన్న లంచ్‌లో మా టీము కుర్రాడొకడు "వెయ్యికి పైగా స్కిల్స్ ఇచ్చి ఒకేసారి ఎనిమిదే వాడుకోమనడం పిసినారితనం కాదా అండీ?" అన్నాడు. గిల్డ్ వార్స్ గురించి లెండి. మాట సగంలో ఉండగానే మీటింగుకి పిలుపొచ్చింది. మిగతా సగం ఇక్కడ రాస్తున్నా.

ఈ గడుల లెక్క కంప్యూటర్ ఆటల కన్నా పాతది. 1950లో జాక్ వాన్స్ 'ది డైయింగ్ ఎర్త్' అని ఓ కథల పుస్తకం వేశాడు. అందులో ఓ మాంత్రికుడు ఎంత సాధన చేసినా బుర్రలో పట్టేవి పెద్ద మంత్రాలైతే నాలుగు, చిన్నవైతే ఆరు. వాడగానే చెరిగిపోతాయి, మళ్ళీ బట్టీ పట్టాల్సిందే. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' చేసినప్పుడు ఈ పద్ధతే తీసుకున్నారు. మొదటి లెవెల్ మాంత్రికుడికి ఒక్కటంటే ఒక్క మంత్రం. అది అయిపోయాక పాపం, కత్తులవాళ్ళ వెనక నక్కడమే!

2005 ఏప్రిల్‌లో గిల్డ్ వార్స్ వచ్చింది. లెవెల్ 20తో ఆగిపోతుంది, కాబట్టి బలమంతా ఏ ఎనిమిది ఎంచుకున్నావన్నదే. అందులో ఎలీట్ ఒక్కటే ఉండొచ్చు. ఊళ్ళో ఉన్నప్పుడే మార్చుకోవాలి, బయటికెళ్ళాక ఏడ్చినా లాభంలేదు.

ఇక్కడ చిన్న లెక్క. మిగతా షరతులు పక్కనపెడితే, 100 స్కిల్స్‌లోంచి 8 ఎంచుకునే విధాలు సుమారు 18,600 కోట్లు. స్కిల్స్‌ని 200 చేయండి, రెట్టింపు కాదు, దాదాపు 300 రెట్లవుతుంది. 2006లో రెండు కొత్త భాగాలొచ్చి వృత్తులు ఆరు నుంచి పదయ్యాయి. గడులు మాత్రం ఎనిమిదే. మన రిగ్రెషన్ టెస్టింగ్ వాళ్ళకి ఈ లెక్క చూపిస్తే ఆ రోజే పేపరు పెట్టేస్తారు.

పైగా మనుషులతో పోటీలో ఓ స్కిల్ మితిమీరిందని తగ్గిస్తే, రాక్షసులతో మాత్రమే ఆడుకునేవాడికీ దెబ్బే. ప్రొడక్షన్‌లో ఒక కస్టమర్ కోసం కోడ్ మారిస్తే ఇంకో కస్టమర్ అరిచినట్టు. చివరికి 2008లో ఒకే స్కిల్‌కి రెండు రూపాలు ఇవ్వడం మొదలెట్టారు.

అసలు తమాషా 2007లో వచ్చిన 'ఉర్సన్ బ్లెస్సింగ్'. వాడితే మనిషి ఎలుగుబంటి అవుతాడు, ఎనిమిది గడులూ మాయమై ఎలుగు స్కిల్స్ వస్తాయి. ఏ వృత్తివాడైనా సరే. ఇంకేముంది, గుంపులో వైద్యం చేసే మాంకులు ఇద్దరుంటే చాలు, మిగతా అందరూ ఎలుగులే. నీ వృత్తేంటి, ఏ స్కిల్స్ తెచ్చావు అని అడిగేవాడే లేడు, ఎలుగు ర్యాంకు ఎంతన్నదే ప్రశ్న. ఏళ్ళతరబడి పోగేసుకున్న స్కిల్స్ మూల పడ్డాయి. 2008లో దాని బలం తగ్గించారు. తగ్గించినందుకు తిట్టినవాళ్ళూ తక్కువేం కాదు!

అందుకే ఆ కుర్రాడితో పిసినారితనం కాదంటాను. ఎలుగొచ్చి గడుల్ని చెరిపేసిన ఆ ఏడాదే కదా ఎంచుకోడానికి ఏమీ మిగలనిది.

2012లో గిల్డ్ వార్స్ 2కి గడులు పది చేశారు. కానీ మొదటి అయిదు చేతిలోని ఆయుధమే నిర్ణయిస్తుంది, ఆరోది వైద్యానికి, పదోది ఎలీట్‌కి. నిజంగా మన ఇష్టానికి వదిలింది మధ్యలో మూడు. టెస్టింగ్‌వాళ్ళు మాత్రం హాయిగా నిద్రపోయుంటారు.