ఆర్కిటిక్ వాతావరణ మార్పు బోధన (తెలంగాణ)

ఉత్తర ధ్రువ ప్రాంతపు మంచు, అక్కడి జీవనం, భూతాపం వల్ల వస్తున్న మార్పుల గురించి బడిపిల్లలకు చెప్పే చదువు ఇది. తెలుగు మాధ్యమంలో ఎక్కువగా సాంఘిక శాస్త్ర పాఠాల ద్వారా సాగింది. నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి వంటి పసుపు పండించే ఊళ్లలో ఈ పాఠానికి సాగుతో ముడి ఉంది.

నేపథ్యం

పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా పిటిషన్‌పై సుప్రీంకోర్టు 1991లో పర్యావరణాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేయాలని ఆదేశించింది. 2001–02లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ హరిత దళంతో బడుల్లో ఎకో క్లబ్బులు వెలిశాయి.

పాఠ్యపుస్తకాలు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 నాటి విద్యా ప్రణాళిక పరిధి పత్రాన్ని అనుసరించి కొత్త పుస్తకాలు వచ్చాయి. ఎనిమిదో తరగతి సాంఘిక శాస్త్రంలో ‘ధ్రువ ప్రాంతాలు’ అనే ప్రత్యేక పాఠం టండ్రాను (చెట్లు పెరగని ధ్రువప్రాంతపు చలి నేలను), ఎస్కిమోల జీవితాన్ని పరిచయం చేసింది. పదో తరగతిలో భారతదేశ శీతోష్ణస్థితి పాఠం మరో అడుగు వేసింది. టండ్రా మంచు కింద గడ్డకట్టి ఉన్న మీథేన్, మంచు కరిగితే గాలిలో కలుస్తుంది. దానితో భూమి ఇంకా వేడెక్కి, మరింత మంచు కరుగుతుంది. ఈ విషచక్రాన్ని పల్లెటూరి విద్యార్థికీ అర్థమయ్యేలా తెలుగులో వివరించడం ఈ పుస్తకాలు చేసిన మేలు.

భారత పరిశోధన

భారత శాస్త్రవేత్తల తొలి ఆర్కిటిక్ యాత్ర 2007లో జరిగింది. 2008 జులై 1న నార్వేలోని స్వాల్‌బార్డ్ దీవుల్లో ‘హిమాద్రి’ కేంద్రం ప్రారంభమైంది. 2013లో ఆర్కిటిక్ మండలిలో భారత్‌కు పరిశీలక హోదా దక్కింది. 2014లో స్వాల్‌బార్డ్ తీర సముద్రంలో ‘ఇండార్క్’ పరిశీలన పరికరాలను అమర్చారు. 2022 మార్చిలో కేంద్రం ఆర్కిటిక్ విధానాన్ని ప్రకటించింది.

ఉపగ్రహ కొలతల ప్రకారం సెప్టెంబరులో ఆర్కిటిక్ సముద్రపు మంచు కనిష్ఠ విస్తీర్ణం 1981–2010 మధ్య సగటున 62 లక్షల చదరపు కిలోమీటర్లు. 2012లో అది 34 లక్షలకు పడిపోయింది.

స్థానిక ప్రాధాన్యం

కమ్మర్‌పల్లికి, హిమాద్రికి మధ్య 7,000 కిలోమీటర్లకు పైగా దూరం. అయినా కారా సముద్రంలో వేసవి మంచు తగ్గడానికి, మధ్య భారతంలో సెప్టెంబరు చివరి కుండపోత వానలకు సంబంధం ఉండవచ్చని గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 2021లో ప్రతిపాదించారు. మంచు తగ్గినప్పుడు పైగాలుల తీరు మారుతుందని, వేడెక్కిన అరేబియా సముద్రం ఆ వానలకు తేమను అందిస్తుందని వారి విశ్లేషణ.

నిజామాబాద్ ప్రాంతంలో మక్క, సోయా పంటలు చేతికొచ్చే కాలం అదే. అప్పుడు చేలో నీళ్లు నిలిస్తే పసుపుకు దుంపకుళ్లు సోకే ప్రమాదం ఉంది. కమ్మర్‌పల్లిలో ఉద్యాన విశ్వవిద్యాలయం వారి పసుపు పరిశోధన స్థానం ఉంది. మండలాల వారీ వర్షపాతం లెక్కలను రాష్ట్ర ప్రణాళికా సంస్థ ప్రజలకు అందుబాటులో ఉంచుతోంది. పుస్తకంలోని టండ్రా పాఠాన్ని ఈ లెక్కలతో, పసుపు చేను అనుభవంతో కలిపి బోధిస్తే, ధ్రువప్రాంతం గురించి చదివే పిల్లలకు తమ ఇంటి సాగు గురించి కూడా ఆలోచించే శక్తి వస్తుంది. ఈ చదువు అసలు ప్రయోజనం అదే.