ఎన్నో నెల?

కంకిపాడు చుట్టుపక్కల పాత ఆనవాయితీ ప్రకారం తొలి కాన్పుకు కూతుర్ని పుట్టింటికి తెచ్చుకునేది ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో. ఎనిమిదిలో ప్రయాణం పెట్టుకోరు. ఏడో నెల బిడ్డ దక్కుతుంది, ఎనిమిదో నెల బిడ్డ దక్కదన్నది నమ్మకం. ప్రాచీన గ్రీకు వైద్య గ్రంథాల్లోనూ ఇదే మాట ఉంది కాబట్టి పల్లెటూరి చాదస్తమని తీసిపారేయలేం. తొందరపడేవాణ్ణి ‘ఏడో నెలలో పుట్టావా’ అని వెక్కిరించడంలోనూ అలాంటి బిడ్డ బతికి బట్టకట్టిందన్న ఒప్పుకోలుంది. జవాబు మాత్రం తప్పే: కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డ ఊపిరితిత్తులకు బలమే కాబట్టి ఏడు కంటే ఎనిమిదే మేలు. అయినా ప్రశ్న సరైనది. నెలలు నిండకుండా నొప్పులొస్తే పెద్దవాళ్లు ముందడిగేది ‘ఎన్నో నెల?’ అనే, అంటే బిడ్డ నిలుస్తుందా అని. వైద్యం ఆ ప్రశ్న దగ్గరికి ఆలస్యంగా వచ్చింది.

1960ల్లో డాక్టర్ల పట్టుదలంతా నొప్పులు ఆపడం మీదే. అందుకోసం ఆల్కహాలును సెలైనులా నరంలోకి ఎక్కించేవారు. తల్లికి మత్తూ వాంతులూ. ఐసాక్సుప్రిన్, రిటోడ్రిన్ మందులతో గుండెదడ. మలుపు గొర్రెల వల్ల వచ్చింది. న్యూజిలాండ్‌లో లిగిన్స్ అనే వైద్యుడు కాన్పు ఎలా మొదలవుతుందో పరీక్షిస్తుండగా, స్టెరాయిడ్ అందిన గొర్రెపిల్ల ఒకటి, ఊపిరాడక చనిపోవలసినంత ముందుగా పుట్టినా ఊపిరి తీసుకుంది. 1972లో ఆయనా హోవీ అనే మరో వైద్యుడూ కలిసి, తల్లికిచ్చే స్టెరాయిడ్ సూది బిడ్డ ఊపిరితిత్తులను తొందరగా సిద్ధం చేస్తుందని చూపారు. దాంతో నొప్పులు ఆపే మందుకు పని మారింది: ఆ సూది పనిచేసేందుకు, పెద్దాసుపత్రికి చేరేందుకు రెండు రోజులు సంపాదిస్తే చాలు. లోపలి బిడ్డ గుండె చప్పుడు పడిపోతున్నా, ఉమ్మనీటికి ఇన్ఫెక్షన్ సోకినా ఆ రెండు రోజుల కోసం నొప్పులు ఆపకూడదు. అప్పుడు కడుపు కంటే బయటే క్షేమం.

సూదే అంత మేలు చేస్తే ఊళ్లోనే వేస్తే పోలేదా, బెజవాడ దాకా పరుగెందుకు అనవచ్చు. 2014లో కేంద్రం ఏఎన్ఎంలకు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ తొలి డోసు వేసి పంపే అనుమతి ఇచ్చింది కూడా. కానీ బెళగావి, నాగపూర్‌లతో సహా ఆరు దేశాల్లో జరిగి 2015లో వెలువడిన పరిశోధనలో, ఊళ్లలో ఈ సూదిని విరివిగా వాడినచోట మొత్తం మీద పసికందుల మరణాలు పెరిగాయి. అవసరం లేని తల్లులకూ సూది పడింది. పుట్టిన బిడ్డను చూసుకునే వసతి ఉన్న ఆసుపత్రుల్లో జరిగి 2020లో వెలువడిన పరిశోధనలో అదే మందు ప్రాణాలు నిలిపింది. 2005 ఆగస్టులో మొదలైన 108 బండి బందరు రోడ్డు దూరాన్ని తగ్గించింది, నిజమే. అయితే ఆఖరి నెలసరి సంక్రాంతికి ముందో వెనకో గుర్తులేని తల్లి బండి ఎక్కితే, లోపలున్నది ముప్పై వారాల బిడ్డో ముప్పై ఆరు వారాల బిడ్డో చెప్పేది తొలి నెలల్లో తీయించి, బీరువాలో మరిచిపోయి వచ్చిన స్కానింగ్ కాగితమే.