చైన్ తెంపిన తర్వాత

ఒకప్పుడు హాల్లోంచి బయటికొచ్చాక సినిమాలో మనకి మిగిలేది చెవికి పట్టిన భాగమే. పాటలు సరే, మాటలు కూడా. ఆకాశవాణిలో సంక్షిప్త శబ్దచిత్రం వస్తే బొమ్మ లేకుండానే సినిమా మొత్తం విన్నవాళ్ళున్నారు. ‘ముత్యాలముగ్గు’ (1975)లో రావుగోపాలరావు డైలాగులు ఎల్పీ రికార్డుగా వచ్చి పెళ్ళిపందిళ్ళలో మోగాయి. ముళ్ళపూడి వెంకటరమణ రాసిన ఆ విలన్‌ని జనం కంఠతా పట్టారు. మన సినిమాకి మళ్ళీ మళ్ళీ వెళ్ళడం అంటే చాలాకాలం అదే: మాటని మళ్ళీ వినడం.

1989 అక్టోబరు 5న వచ్చిన ‘శివ’ని అలా వినడానికి కుదరదు. రికార్డు మీదికి ఎక్కిస్తే ఏముంటుంది? అడుగుల చప్పుడు, కారు తలుపు వేసిన చప్పుడు, ఇళయరాజా నేపథ్య సంగీతం, మధ్యలో తనికెళ్ళ భరణి రాసిన పొడిపొడి మాటలు. భవాని పాత్రలో రఘువరన్ గొంతు పెంచడు. నవ్వడు. తానెంత చెడ్డవాడో మనకి చెప్పడు. అప్పటిదాకా మన విలన్లకి అదే ముఖ్యమైన పని. భవాని ఎంత భయంకరుడో తెలియాలంటే అతని పక్కన నిలబడ్డవాళ్ళ మొహాలు చూడాలి. చూడాలి అంటే సినిమా మళ్ళీ వేసుకోవాలి.

ఈ సినిమా తీసినవాడు అంతకుముందు హైదరాబాదు అమీర్‌పేటలో వీడియో షాపు నడిపాడని అందరికీ తెలిసిందే. ఆ సంగతిని సరదా కథగా చెప్పుకుంటాం గానీ, నాకది చరిత్రలో ఒక మలుపుగానే కనిపిస్తుంది. వీడియో క్యాసెట్ వచ్చాక సినిమాని ఆపొచ్చు, వెనక్కి తిప్పొచ్చు, ఒక దెబ్బ ఎక్కడ మొదలై ఎక్కడ తగిలిందో చూడొచ్చు. ‘శివ’ కథకి ఎముకల గూడు బ్రూస్ లీ సినిమాదని, రెస్టారెంటు తీసి కాలేజీ పెట్టానని రామ్‌గోపాల్ వర్మే చెప్పుకున్నాడు. రోమ్‌లోని ఒక హోటల్‌ని రౌడీల నుంచి కాపాడే కథ అది. దాన్ని విప్పి మన ఊరి కాలేజీ గేటు దగ్గర బిగించాలంటే ఒకసారి చూస్తే చాలదు. మళ్ళీ మళ్ళీ చూసినవాడు తీసిన సినిమా కాబట్టే మళ్ళీ మళ్ళీ చూడటానికి ఆగుతుందని నా నమ్మకం.

అయితే కాలేజీ మాత్రం అరువు తెచ్చుకున్నది కాదు. వర్మ ఇంజనీరింగ్ చదివింది విజయవాడలో. అక్కడ విద్యార్థి నాయకత్వానికీ, యూనియన్లకీ, వీధి రౌడీయిజానికీ మధ్య గీత ఎంత పల్చనో ఆ కాలంలో చదువుకున్నవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. 1988 డిసెంబరు 26న, నిరాహారదీక్షలో ఉన్న వంగవీటి మోహనరంగాని అక్కడే నరికి చంపారు. తర్వాత కోస్తా జిల్లాలు తగలబడ్డాయి. పది నెలలు తిరక్కుండా ‘శివ’ విడుదలైంది. మరో రెండు నెలల్లోపే ఎన్నికలు, ఎన్టీఆర్ ప్రభుత్వం ఓడిపోయింది. సినిమాలో ఏ ఊరి పేరూ, ఏ కులం పేరూ, ఏ పార్టీ జెండా లేదు. అది జాగ్రత్తో, పిరికితనమో వాదించుకోవచ్చు. నాకైతే పేర్లు లేకపోవడం వల్లే పనితీరు బయటపడిందనిపిస్తుంది.

పనితీరు అనే మాట కావాలనే వాడుతున్నాను. మొదటిసారి చూసినప్పుడు నాగార్జున తప్ప ఇంకెవరూ కనపడరు. సైకిల్ చైన్ తెంపి పిడికిలికి చుట్టుకునే ఆ కుర్రాడు. (చైన్ అలా చేత్తో ఊడి రాదని ఏ సైకిల్ షాపులో అడిగినా చెబుతారు. అయినా కాలేజీ కుర్రాళ్ళు లాగి చూశారు.) ఇంకో రెండుసార్లు చూశాక కళ్ళు శివ మీంచి జారి చుట్టుపక్కలకి పోతాయి. కోట శ్రీనివాసరావు వేసిన మాచిరాజుకి భవాని కావాలి, భవానికి గణేశ్ కావాలి, గణేశ్‌కి కాలేజీలో జేడీ లాంటివాడు కావాలి. ఇదంతా ఒక ఉద్యోగాల వరస. భవాని బలం తగ్గేకొద్దీ మాచిరాజు చూపు మారుతుంది. అప్పటిదాకా యజమానిలా కనపడ్డవాడు, పని పోతుందేమోనన్న ఉద్యోగిలా కనపడతాడు. రఘువరన్ సన్నటి ఒళ్ళు, ఆ ఎముకల మొహం అప్పుడు కొత్త అర్థం తెచ్చుకుంటాయి. భయపెట్టేవాడు కూడా భయపడుతున్నాడు.

ఎస్. గోపాల్‌రెడ్డి కెమెరా గురించి అంటే వెంటనే స్టెడీక్యామ్ మాట వస్తుంది. మన దగ్గర దాన్ని ముందుగా, అర్థవంతంగా వాడిన సినిమాల్లో ఇదొకటి. కానీ అది పరిగెత్తే షాట్ల కంటే ఆగిన చోట్ల నాకెక్కువ నచ్చుతుంది. కొట్టబోయే ముందు నిలబడి ఉండటం, ఎదురుచూడటం. దెబ్బ కంటే ముందున్న ఆ ఖాళీ చాలా పొడుగు. ఎవరూ మాట్లాడరు. ఏం జరుగుతుందో తెలిసి చూసినా పొట్టలో అదే పట్టు.

పాటలు మాత్రం ఎన్నిసార్లు చూసినా దారికి అడ్డమే. కాలేజీ పాట ఒక్కటి ఆ కుర్రాళ్ళ అల్లరిలో కలిసిపోతుంది. మిగతావి వస్తే చెయ్యి రిమోట్ మీదికే పోతుంది.

ఇప్పుడు అసలు గొడవ. ‘శివ’ని ఇవాళ ఎక్కువమంది చూసేది ఫోన్లో, ముక్కలుగా. చైన్ ముక్క, వీధుల్లో సైకిల్ని తరిమే ముక్క. ఆ సైకిల్ మీద శివతో పాటు అన్న కూతురు కీర్తి ఉంటుంది. ముక్కలో అది ఊపిరి బిగపట్టి చూసే ఛేజ్. గండం గడిచిపోయింది కాబట్టి ఉత్సాహమే మిగులుతుంది. సినిమా మొత్తం చూసినవాడికి తెలుసు, చివరికి భవాని ఆ పిల్లని చంపేస్తాడని. అంతకుముందే మల్లి పోయాడు. అంటే చైన్ తెంపిన క్షణం నుంచి శివ గెలుస్తూ ఒక్కొక్కరినే పోగొట్టుకుంటూ వస్తాడు. రెండోసారి చూసేటప్పుడు ఆ సైకిల్ మీద పిల్ల మొహం చూస్తే ఉత్సాహం రాదు. మురళీమోహన్ వేసిన అన్నగారు తమ్ముడిని వారించే సీన్లు మొదటిసారి నస అనిపిస్తాయి. తర్వాత్తర్వాత ఆ ఇంట్లో సరిగ్గా ఆలోచించినవాడు ఆయనొక్కడేనా అన్న అనుమానం మొదలవుతుంది. ఆ తర్వాత, మరి ఊరుకుంటే జరిగేదేంటి అన్న ప్రశ్న కూడా. సినిమా దీనికి జవాబు చెప్పదు. 1989లో విజయవాడ దగ్గర కూడా ఆ జవాబు లేదు.

2025 నవంబరులో 4కే బొమ్మతో, డాల్బీ అట్మాస్ శబ్దంతో మళ్ళీ హాళ్ళకి తెచ్చారు. చైన్ తెగగానే ఈలలు. ఈలల మధ్యలో నేను వినాలనుకున్నది వేరు: దెబ్బకి ముందున్న ఆ నిశ్శబ్దం.