ఆటలో పుట్టిన అంటురోగము

హైదరాబాదు నారాయణగూడలో ఐ.పి.యం. అని పేరొందిన వ్యాధినివారణ సంస్థ కలదు. దానికి అనతిదూరమున, నల్లకుంటలో, జనులు ఫీవరాసుపత్రి అని పిలుచు వైద్యశాల రొనాల్డ్ రాస్ పేరు ధరించి యున్నది. ఈ రెంటిని చూచునపుడు మాకొక ప్రశ్న తోచును: రోగమును వ్యాపింపజేయునది క్రిమి మాత్రమేనా? మనుష్యుని నడవడి కూడనా?

1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రాస్ దోమ కడుపున మలేరియా క్రిమిని కనుగొనెను. పిదప ఆయన గణితమును చేపట్టి, దోమల సంఖ్యను బట్టి జ్వరమెట్లు ప్రబలునో సమీకరణములలో చూపెను. అంటురోగముల లెక్కలకు అది ఒరవడి అయ్యెను. కాని సమీకరణములో మనుష్యుడొక అంకె. అంకెకు భయము లేదు, జాలి లేదు, కుతూహలము లేదు. మనుష్యులు ఏమి చేయుదురో తెలిసికొనుటకై ఊరిలోనికి రోగమును విడిచిపెట్టుట ధర్మము కాదు గదా!

ఆ కొరతను ఒక ఆట అనుకోకుండ కొంత తీర్చెను. ఇంటర్నెట్టు ద్వారా దేశదేశముల జనులు కలిసి ఆడు 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' అను ఆటలో 2005 సెప్టెంబరున నిర్మాతలు ఒక కొత్త శత్రువును ప్రవేశపెట్టిరి. అతడు ప్రయోగించు అంటురోగము ఆ యుద్ధభూమిని దాటరాదని వారి తలంపు. ఆటగాండ్ర పెంపుడు జంతువులు దానిని నగరములకు చేర్చెను. బలవంతులు తాళగలిగిరి, కొత్తవారు క్షణములలో కూలిరి. వీధులు అస్థిపంజరములతో నిండెను.

అపుడు కొందరు చికిత్సకు పూనుకొనిరి. కొందరు పారిపోయి, పోయిన చోటికెల్ల రోగమును కొనిపోయిరి. కొందరు వింత చూడవచ్చి తామును దానిని తగిలించుకొనిరి. మరికొందరు బుద్ధిపూర్వకముగా ఇతరులకు అంటించిరి. నిర్వాహకులు చెప్పిన ఏకాంతవాసమును పాటించినవారు చాలరైరి. తుదకు యంత్రములను తిరిగి ప్రారంభించి, ఆట నియమములను సవరింపవలసి వచ్చెను.

2007లో ఎరిక్ లాఫ్‌గ్రెన్, నీనా ఫెఫర్‌మన్ అను పరిశోధకులు లాన్సెట్ వారి అంటువ్యాధుల పత్రికలో ఈ ఉదంతమును చర్చించిరి. వింత చూడవచ్చి రోగమును మోసికొనిపోవు వారిని లెక్కలు గుర్తింపలేదని వారు చూపిరి. ఆటలో మరణించినవాడు మరల లేచును గనుక అచట తెగింపు చౌక. కావున అందలి ఫలితమును యథాతథముగ లోకమునకు అన్వయింపరాదు.

అయినను 2020లో కోవిడ్ వచ్చి, నారాయణగూడ సంస్థలో నమూనాలు పరీక్షించుచున్న దినములలో, అవే ముఖములు మన వీధులలోను కనబడెను: సేవించినవారు, దాచినవారు, గుమిగూడినవారు. క్రిమిని కనుగొనుటకు సూక్ష్మదర్శిని కలదు. మరల అట్టి దినము వచ్చినచో మనము వీరిలో ఎవరమగుదుమో ముందుగా ఆలోచించుకొనుట మన ఇంటనే జరుగవలసిన పని.