ఉరుసు

కొండపల్లి షా బుఖారీ దర్గా ఉరుసుకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి హిందువులూ వచ్చి మొక్కులు తీర్చుకుంటారు. సూఫీ గురువు కన్నుమూసిన రోజును తలుచుకునే వేడుక ఇది. అయినా ఏడుపుండదు. అరబ్బీలో ‘ఉర్స్’ అంటే పెళ్లి. తెలుగు నోట నడుమా చివరా ఉకారం చేరి ఉరుసయింది. జీవుడు దేహం వదిలి దేవుణ్ణి కలుసుకోవడమే సూఫీలకు కల్యాణం. 1273 డిసెంబరు 17న పోయిన రూమీ వర్ధంతిని టర్కీలోని కొన్యాలో నేటికీ పెళ్లిరాత్రి అనే అంటారు.

అందుకే ఉరుసులో గంధానికి పెద్దపీట. అరగదీసిన గంధాన్ని గిన్నెకెత్తి, పూలు కప్పి, తలమీద పెట్టుకుని మేళతాళాలతో ఊరేగిస్తారు. సమాధికి పూశాక మిగిలింది వచ్చినవాళ్లకు పంచుతారు. పెళ్లికొడుకు మర్యాదే అది!

మార్మికత అనగానే సామాన్యులకు అందని గుహ్యవిద్య అని పక్కన పెట్టేవాళ్లతో నాకు పేచీ. జాతర అన్న అర్థంలో జనం రోజూ వాడే ఉరుసు అన్న మాటలోనే అది ఉంది. ఇదే కృష్ణా ప్రాంతానికి చెందిన మొవ్వ క్షేత్రయ్య, 17వ శతాబ్దంలో, తానే నాయికై మువ్వగోపాలుడి కోసం పదాలు కట్టాడు. భోగినాడు గోదా కల్యాణం చూసి వచ్చేవాళ్లకు ఉరుసు అర్థం వేరే విప్పి చెప్పక్కర్లేదు.