అడ్డపొగ

గత వేసవిలో మా అక్క వాళ్లింట్లో ఒక గొడవ జరిగింది. అక్క కూతురు బెంగుళూరులో ఉద్యోగం చేస్తోంది. నాలుగు రోజుల సెలవు పెట్టుకుని వచ్చింది. రాత్రిపూట దాని గదిలోంచి మామిడిపండు వాసన వచ్చేది. మామిడిపళ్ల రోజులే కనుక ఎవరూ పట్టించుకోలేదు. మూడోరోజు పక్క దులుపుతుంటే దిండు కింద పెన్నులాంటి వస్తువొకటి దొరికింది. వేప్. ఛార్జింగు పెట్టుకుని పీల్చే ఎలక్ట్రానిక్ సిగరెట్.

బావగారు ముప్ఫై ఏళ్లుగా హాల్లో సోఫాలో కూర్చుని సిగరెట్లు కాలుస్తున్న మనిషి. ఆ ఉదయం కూడా ఆయన చేతిలో సిగరెట్ వెలుగుతూనే ఉంది. "నా ఇంట్లో ఈ పొగేంటి?" అని అరిచారు. ఆ మాటలోని వింత ఆయనకి తట్టలేదు. అక్కకి ఆస్తమా. ఇన్హేలర్ పక్కన పెట్టుకుని ఆమె కూడా కూతుర్నే తిట్టింది. "నలుగురికీ తెలిస్తే ఏమవుతుంది?" అన్నదే ఆమె భయం. ఊపిరి గురించి ఎవరూ మాట్లాడలేదు.

అప్పుడు మూల మంచం మీద పడుకున్న మా అమ్మ, ఎవర్నీ ఉద్దేశించకుండా, "మా అమ్మ చుట్ట కాల్చేది కదా" అంది. ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. పాతికేళ్లుగా మా ఇంట్లో ఎవరూ ఎత్తని మాట అది.

మా అమ్మమ్మది శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దగ్గర్లోని పల్లె. తాతయ్య వీధరుగు మీద కూర్చుని, దారిన పోయేవాళ్లతో కబుర్లు చెబుతూ చుట్ట కాల్చేవాడు. అమ్మమ్మది పెరటివైపు. ఆమె చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లోకి తిప్పి, పెదాలు మూసుకునేది. బయటికి చుట్ట మొదలు మాత్రం కనిపించేది. దీన్నే మా వైపు అడ్డపొగ అంటారు. అలా కాలుస్తూనే గంప అల్లేది, ధాన్యం చెరిగేది, పసిపిల్లల్ని ఒళ్లో వేసుకుని జోకొట్టేది.

ఆ పొగకి ఎన్ని మర్యాదలో! అల్లుడు ఇంట్లో ఉంటే కాల్చకూడదు. భర్త అన్నగారి ఎదట పడకూడదు. వీధిగుమ్మం దాటి కాల్చకూడదు. వంటింట్లో, పెరట్లో, ఆడవాళ్ల మధ్యన అయితే తప్పులేదు. అమ్మమ్మకి చుట్ట అలవాటు చేసింది ఆమె అత్తగారే, పంటినొప్పికి మందని. అంటే అది దొంగతనం కాదు. ఇల్లంతటికీ తెలిసిన విషయమే. తెలిసినా కనిపించకూడదు, అంతే. నాకు ఆరేడేళ్లప్పుడు అడిగాను, నోరు కాలదా అమ్మమ్మా అని. "కాల్తాదే గుంటా. అలవాటైపోద్ది" అంది.

అడ్డపొగ గురించి మన సాహిత్యంకంటే వైద్యశాస్త్రం ఎక్కువ రాసింది. డెన్మార్కుకి చెందిన నోటి వ్యాధుల నిపుణుడు పిండ్‌బోర్గ్, బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ పరిశోధకులు కలిసి శ్రీకాకుళం జిల్లాలో ఇంటింటికీ తిరిగి 10,169 మంది నోళ్లు పరీక్షించారు. ఆ ఫలితాలు 1971లో అచ్చయ్యాయి. విశాఖపట్నం వైద్యులూ దీనిమీద పనిచేశారు. మామూలుగా అరుదుగా వచ్చే అంగిలి కేన్సర్ ఇక్కడ ఎందుకింత ఎక్కువ? నిప్పూ, పొగా, బూడిదా నేరుగా అంగిలికి తగలడం వల్లనే. ముందు అంగిలి తెల్లబారుతుంది, గరుకెక్కుతుంది, పుళ్లు పడతాయి. అందరికీ కేన్సర్ రాదు గానీ ముప్పు మాత్రం పెద్దది. ఈ అలవాటు మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువ. ఫిలిప్పీన్స్‌లో, కొలంబియాలో, పనామాలో, ఇటలీలోని సార్డీనియా దీవిలో కూడా ఇలా కాల్చేవాళ్లున్నారని, అక్కడా ఎక్కువగా ఆడవాళ్లేనని చదివినపుడు ఆశ్చర్యపోయాను.

ఎందుకిలా కాలుస్తారంటే చాలా కారణాలు చెబుతారు. సముద్రపుగాలికి చుట్ట ఆరిపోదు. బూడిద పసిపిల్ల మీద రాలదు. చేతులకి పని ఆగదు. ఒక చుట్ట ఎక్కువసేపు వస్తుంది. ఈ కారణాలన్నిటినీ ఒకసారి వరసగా చదవండి. గాలి కోసం, పిల్ల కోసం, పని కోసం, పొదుపు కోసం… అన్నీ కలిసి నిప్పుని ఆమె నోట్లోకే తోశాయి. చుట్ట కాల్చే మగవాడి బూడిద ఎక్కడైనా రాలొచ్చు. ఆమె బూడిద ఆమే మింగాలి.

ఎంఫిల్ రోజుల్లో ఒక సెమినార్‌లో నేను అమ్మమ్మ చుట్ట గురించి మాట్లాడాను. అగ్రకుల స్త్రీకి విధించిన మర్యాదలు మా వ్యవసాయ కులాల ఆడవాళ్లని ఎలా పట్టుకోలేకపోయాయో చెబుతూ, ఆ చుట్టని ధిక్కారం అన్నాను. చప్పట్లు కూడా పడ్డాయి. తర్వాత టీ దగ్గర ఒక పెద్దావిడ నెమ్మదిగా అడిగింది, "ఎవర్ని ధిక్కరించిందమ్మా? నోరు మూసుకునే కాల్చింది కదా!" నా దగ్గర జవాబు లేదు. నేను చదువుకున్న సాహిత్యంలోనూ దొరకలేదు. 1892లో మొదటిసారి ప్రదర్శించిన 'కన్యాశుల్కం'లో గిరీశం శిష్యుడికి పొగతాగడం నేర్పుతాడు, మనం నూటముప్ఫై ఏళ్లుగా నవ్వుకుంటున్నాం. అదే విజయనగరం సీమలో పెరటి గుమ్మాల్లో కూర్చున్న ఆడవాళ్ల పొగ మీద ఒక్క నవ్వు గానీ, ఒక్క కన్నీటిబొట్టు గానీ నా సిలబస్‌లో నాకు తగల్లేదు.

పొగని ధిక్కారం అనడంలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. 1908లో న్యూయార్క్ నగరపాలకులు ఒక ఆర్డినెన్స్ తెచ్చారు. బహిరంగ స్థలాల్లో ఆడవాళ్లు పొగతాగడాన్ని యజమానులు అనుమతించకూడదని. మగవాళ్లకి ఆ అడ్డు లేదు. కేటీ మల్కేహీ అనే యువతిని పోలీసులు పట్టుకుంటే 5 డాలర్లు జరిమానా వేశారు. రెండు వారాలు తిరక్కుండానే మేయర్ దాన్ని వీటో చేశాడు. ఆ అవమానం మాత్రం మిగిలింది. దాన్ని సొమ్ము చేసుకున్నదెవరు? 1929 ఈస్టర్ ఊరేగింపులో కొందరు యువతులు నడివీధిలో సిగరెట్లు ముట్టించారు. అవి 'స్వేచ్ఛా జ్యోతులు' అన్నారు. వెనకనుంచి నడిపించినవాడు అమెరికన్ టొబాకో కంపెనీ కోసం పనిచేసిన ప్రచార నిపుణుడు ఎడ్వర్డ్ బెర్నేస్. మన మీద పెట్టిన ఆంక్షనే మనకి సరుకుగా అమ్మడం అప్పుడే మొదలైంది. మామిడిపండు వాసన, ముద్దొచ్చే రంగులు వేసుకుని ఈరోజు దిండు కిందకి చేరింది కూడా ఆ వంశంలోదే.

మరి చట్టం ఏమంటుంది? 2003లో పొగాకు నియంత్రణ చట్టం వచ్చింది. 2008 అక్టోబర్ 2 నుంచి ఆఫీసులు, హోటళ్లు, సినిమాహాళ్లు వంటి బహిరంగ స్థలాల్లో పొగతాగడం నిషేధం, 200 రూపాయల దాకా జరిమానా. ఎలక్ట్రానిక్ సిగరెట్లనైతే 2019 సెప్టెంబర్‌లో ఆర్డినెన్స్‌తో, డిసెంబర్‌లో చట్టంతో దేశమంతటా నిషేధించారు. తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నేరమే. అయినా చాటుగా దొరుకుతూనే ఉంది. ఇక అది వట్టి ఆవిరే కదా అని పిల్లలు అనే మాట కూడా నిజం కాదు. అందులో నికోటిన్ ఉంటుంది, ఊపిరితిత్తుల లోతుకి పోయే సన్నటి కణాలు ఉంటాయి. పక్కన కూర్చున్నవాళ్లకీ అవి చేరతాయి.

ఈ నిషేధాలన్నీ మంచివే. అయితే బహిరంగ స్థలాల చట్టం ఇంటి గుమ్మం దగ్గర ఆగిపోయింది. 2016-17లో దేశవ్యాప్తంగా జరిగిన పొగాకు సర్వే ప్రకారం పొగతాగే మగవాళ్లు 19 శాతం, ఆడవాళ్లు 2 శాతం. కానీ ఇంట్లో ఇంకొకరి పొగ పీలుస్తున్న పెద్దలు 38.7 శాతం. ఇంట్లో ఆ పొగ ఎక్కువగా ఎవరు వదిలింది, ఎవరు పీల్చింది అన్నది లెక్కలు రానివాళ్లకీ అర్థమవుతుంది. నిజామాబాద్, కరీంనగర్, సిరిసిల్ల వైపు చూడండి. ఒళ్లో చాట పెట్టుకుని తునికాకులో పొగాకు చుట్టే లక్షలాది ఆడవాళ్లు పనిచేసేది ఇంట్లోనే. పొగాకు దుమ్ము రాలేది పిల్లలు పడుకునే చాప మీదే. బీడీ చుట్టిన చేయి సంసారపక్షపు చేయి, బీడీ తాగిన నోరు మాత్రం చెడిన నోరు! పొగాకుకీ ఆడవాళ్లకీ మధ్య ఎన్ని సంబంధాలున్నా సమాజానికి తప్పుగా తోచింది ఈ ఒక్కటే.

అంటే ఇంట్లో పొగ గురించి మనం తరతరాలుగా పాటించిన నియమాలు పొగ గురించి కాదు. కంటి గురించి. ఎవరి కంట ఎవరు పడకూడదన్నదే వాటి లెక్క. ఎవరి ఛాతీలోకి ఏం పోతోందన్నది ఎప్పుడూ లెక్కలోకి రాలేదు.

ఆ లెక్కకి మేం చెల్లించిన మూల్యం ఇప్పటికి చెప్పగలుగుతున్నాను. అమ్మమ్మ వేడి అంబలి తాగలేకపోవడం మొదలుపెట్టి ఏడాది అయ్యేదాకా మాకెవరికీ తెలియదు. నోరు తెరిచి చూపిస్తే చుట్ట సంగతి చెప్పాలి కనుక ఆమె చూపించలేదు. చివరికి విశాఖపట్నంలో పెద్దాసుపత్రికి తీసుకువెళ్లారు. అలవాట్లేమైనా ఉన్నాయా అని డాక్టరు అడిగితే, మామయ్య "మా అమ్మకి అలాంటివేం లేవండి" అన్నాడట. తల్లి పరువు కాపాడాననుకున్నాడు. డాక్టరు ఆమె అంగిలి చూసి, ఆమెనే అడిగాడట, "అడ్డపొగేనా అమ్మా?" అని. అమ్మమ్మ కొడుకువైపు చూసి తల దించుకుందట. అప్పటికే ఆలస్యమైపోయింది. 2004లో ఆమె పోయింది.

1980లలోనే శ్రీకాకుళం, భావనగర్, ఎర్నాకుళం జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడకందార్ల మధ్య పరిశోధకులు పనిచేశారు. ఇళ్లకి వెళ్లి, నోరు పరీక్షించి, ఎదురుగా కూర్చుని మాట్లాడితే మానేసేవాళ్లు పెరుగుతారని, నోట్లో మచ్చలు తగ్గుతాయని అందులో తేలింది. మా అమ్మమ్మ గడపలోకి అలా ఎవరైనా వచ్చి ఉంటే? సిగ్గుపరచకుండా అడిగి ఉంటే? ఈ ప్రశ్న నన్ను వదలదు.

అందుకే ఆ ఉదయం నేను అక్క కూతురి పక్షాన వాదించలేదు. బావగారి పక్షాన అంతకన్నా కాదు. ముందు దానికి అమ్మమ్మ అంగిలి గురించి చెప్పాను. అది చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "నాన్న తాగితే ఎవరూ ఏమనరేం పిన్నీ?" అంది. ఆ ప్రశ్న హాల్లోకి వచ్చి అడగమన్నాను. అడిగింది. బావగారికి కోపం వచ్చింది. కానీ పక్కగదిలో అక్క దగ్గు అందరికీ వినబడుతూనే ఉంది.

ఇప్పుడు ఆ ఇంట్లో ఒకటే నియమం. నాలుగు గోడల మధ్య ఎవరూ ఏ పొగా వదలకూడదు. ఆడా మగా తేడా లేదు, సిగరెట్టా మరోటా అన్న తేడా లేదు. ఇద్దరూ ఇంకా మానలేదు. మానతామని చెరో తేదీ చెప్పారు, రెండు తేదీలూ దాటిపోయాయి. మొన్న దసరాకి వెళ్లినప్పుడు డాబా మీద చూశాను. పిట్టగోడకి ఈ కొసన తండ్రి, ఆ కొసన కూతురు. మాట్లాడుకోవడం లేదు. ఒకరికొకరు మాత్రం కనిపిస్తూనే ఉన్నారు.

కింద అక్క కిటికీలన్నీ తెరుచుకుని నిద్రపోతోంది.